జిల్లా జడ్జినైన రోజు, ఫలక్‌నుమా రైల్లో

నసీమ్,

ఈ రోజు నేను జిల్లా జడ్జిగా ప్రమాణం చేశాను. మున్సిఫ్ కోర్టు నుంచి ఇక్కడికి రావడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. ఆ మున్సిఫ్ పరీక్షకు ఇద్దరం కలిసే చదివాం. హాల్ టికెట్లు వచ్చేసరికి నువ్వు లేవు.

సాయంత్రం ఫలక్‌నుమాలో మీ ఇంటికి వెళ్లాను. మీ అమ్మీ నా నల్లకోటు భుజం నిమిరి, "మా నసీమ్‌కు గూడ గిట్లాంటిదే కుట్టిస్తుంటి బేటా," అంది.

తిరిగి వచ్చేటప్పుడు కారు వద్దని, మనం కాలేజీకి వెళ్లిన లోకల్ రైలే ఎక్కాను. కిటికీ పక్కన కునుకు పట్టింది. కలలో నువ్వు పుస్తకం మూసి, బెయిల్ సెక్షన్ అడిగావు. తప్పు చెప్పాను.

"గిట్లయితే జడ్జివెట్లయితవే?" అని పడి పడి నవ్వావు.

మెలకువ రాగానే సరైన సెక్షన్ పైకే చెప్పేశాను.

"ఎవరికమ్మా చెప్తున్నవ్?" అంది ఎదుటి సీటామె.

"మా దోస్తుకు," అన్నాను.