లింగం పక్కకు తన్నిన బంతి

21 ఫిబ్రవరి 1971

సముద్రం మీద ఉన్న శ్రీవారికి రేణుక నమస్కారాలు. ఓడ ఏ రేవులో ఉన్నా మీకు వేళకు తిండి, కంటినిండా నిద్ర దొరకాలని కోరుకుంటున్నాను. ఇక్కడ అందరి ఒళ్లూ బాగున్నాయి. ఒళ్ల సంగతే చెబుతున్నాను, మనసుల సంగతి తరువాత రాస్తాను.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. సాంతోస్ రేవు నుంచి మీరు పంపిన రికార్డు పగలకుండా చేరింది. బోసా నోవా అంటే కొత్త ఒరవడి అని రాశారు కదా. మొదటిసారి విన్నప్పుడు, ఈ మనిషి ఇంత మెల్లగా పాడుతున్నాడేమిటి, పక్క గదిలో పసిబిడ్డ నిద్రపోతోందా అనుకున్నాను. నాలుగు రోజులు విన్నాక అలవాటైంది. గిటారు తన దారిన తాను నడుస్తుంటే, పాట తీరిగ్గా వెనక వచ్చి దాన్ని కలుసుకుంటుంది. భాష ఒక్క ముక్క రాదు. అయినా బియ్యం ఏరుతూ వింటుంటే నాతో ఒక్కదానితోనే మాట్లాడుతున్నట్టుంటుంది.

అత్తమ్మ కంటికి నిజామాబాద్‌లో మందు వేయించాం. ఇప్పుడు సూదిలో దారం తానే ఎక్కించుకుంటోంది. మీ తమ్ముడు లింగం మోకాలు కూడా నయమైంది. చెరుకు లారీల మీద పని చేసి వచ్చి, సాయంత్రాలు వాకిట్లో ఆ పాట పెట్టుకుని బంతి ఆడేవాడు. బంతి పాదం మీదే నిలిచేది. బ్రెజిల్ వాళ్లు ఇట్లాగే ఆడతారని మీరు చెప్పిన కథలన్నీ గుర్తొచ్చి, అన్నం చల్లారిపోతున్నా పిలవకుండా చూస్తూ కూర్చునేదాన్ని.

ఇక మన ఫుట్‌బాల్ ఫైనల్ ఏమైందని మళ్లీ మళ్లీ అడిగారు. ఓడిపోయాం. ఉత్త ఓటమే అయితే మొదటి ముక్కలోనే రాసేదాన్ని.

ఆట బోధన్‌లోనే, మన పాత మైదానంలో జరిగింది. మన జట్టును నడిపే లారీల బాపురావు, నిజామాబాద్ జట్టును తీసుకొచ్చిన, అతని లారీలకు సరుకు ఇచ్చే సేటు పక్కపక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను రాజమల్లు భార్య చంద్రవ్వతో కలిసి గొడుగు కింద నిలబడ్డాను. గోల్‌కీపర్ రాజమల్లు ఆ గులకరాళ్ల మీద పడి పడి ఆపాడు. మోచేతుల మీద చర్మం లేదు. ఒక గోలు వెనకబడి ఉన్నాం, ఆట ముగియవస్తోంది, అప్పుడు మనకు పెనాల్టీ దొరికింది. తన్నేది లింగమే.

లింగం పెనాల్టీ మీకు తెలుసు, నేర్పింది మీరే. నేలబారుగా, మూలకు. ఆ రోజు బంతి ముందు నిలబడి ఒకసారి కుర్చీల వైపు చూశాడు. తరువాత తన్నాడు. బంతి గోలుకు చాలా దూరంగా పోయి చెరుకు తోటలో పడింది. నేను చంద్రవ్వకు మీరు చెప్పిన లండన్ ఒలింపిక్స్ సంగతి చెప్పాను. మనవాళ్లు ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడి, రెండు పెనాల్టీలు తప్పి, ఫ్రాన్స్ చేతిలో ఓడినా తలెత్తుకుని వచ్చారు, లింగం తప్పడం ఎంత అన్నాను. పిచ్చిదాన్ని. ఇంటికొచ్చి వాణ్ణి ఓదార్చడానికి కోడికూర వండాను.

వాడు రాలేదు. రికార్డు కూడా కనబడలేదు. క్లబ్బులో దావత్ ఉందట, పాట కావాలన్నారట, లింగం పట్టుకుపోయాడని అత్తమ్మ చెప్పింది. పొద్దుగూకక ముందే రాజమల్లును వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆ గది వాసన ఇప్పటికీ ముక్కులోంచి పోవడం లేదు. కల్లు, మాంసం, చెమట. ఎవరో మీట తిప్పి రికార్డు వేగం పెంచారు. ఆ మెత్తని గొంతు కోతి కిచకిచలాగా వస్తోంది. నడుములకు తువ్వాళ్లు చుట్టుకుని పెద్ద పెద్ద మనుషులు ఆడంగి వేషాలు వేస్తున్నారు. బాపురావు జిడ్డు చెయ్యి లింగం భుజం మీద వేసి సేటుతో అన్నాడు: "మావోడు ఎంత దూరం తన్నుమంటె గంత దూరం తన్నిండు సేటూ. ఒకటో తారీకు సంది మా లారీ ఆఫీసుల కుర్సీ వీనిదే."

లింగం నవ్వాడు. తలదించుకుని కాదు, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

వెళ్లి రికార్డు తీసేశాను. దాని మీద నూనె వేళ్లు అంటి ఉన్నాయి. "నిజమేనా?" అని లింగాన్ని అడిగాను.

"ఇంటికాడ మాట్లాడుకుందాం వదినె," అన్నాడు.

గడపలో రాజమల్లు అంతా విన్నాడు. గడప మీద ఉమ్మేసి వెళ్లిపోయాడు.

మరునాడు అత్తమ్మ కొడుక్కు కొలువు దొరికిందని వాడంతా పేడాలు పంచింది. నా చేతిలోనూ పెట్టింది. తీసుకెళ్లి మోరీలో పారేశాను. "ఆటే గదనే. ఒక్క తన్నుకు పోరని బతుకు నిలవడ్డది. నీకేం కష్టమైంది?" అంది. చెరుకు గానుగ బంద్ అయితే లింగానికి కూలి ఉండదు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ వాడు అమ్మింది తన తన్ను ఒక్కటే కాదు. మిగతా పదిమంది ఎండలో పెదాలు పగిలేలా పరుగెత్తిన పరుగునూ, రాజమల్లు మోచేతుల చర్మాన్నీ కలిపి అమ్మాడు.

ఇంతవరకూ రాయలేక దాచిన మాట ఇప్పుడు రాస్తున్నాను. మీకు కోపం వస్తే రానివ్వండి. నేను మైదానానికి వెళ్లి జట్టు అందరి ముందూ బాపురావు అన్న మాట అన్నట్టే చెప్పాను. రాజమల్లు సాక్ష్యం పలికాడు. ఇక మైదానంలోకి రావద్దని వాళ్లు లింగానికి చెప్పారు. "ఇంటి ఇజ్జత్ బజార్ల పెట్టినవ్. ఇగ ఈ ఇంట్ల నీకు బువ్వ లేదు," అంది అత్తమ్మ. నేనూ ఉండాలనుకోలేదు. ఈ ఉత్తరం కోటగిరి నుంచి, మా పుట్టింట్లో బాపు దగ్గర కూర్చుని రాస్తున్నాను.

మొన్న లింగం ఇక్కడికి వచ్చాడు. కొత్త అంగీ, జేబులో పెన్ను, తలకు వాసన నూనె. లోపలికి రాకుండా పందిరి కింద నిలబడ్డాడు. "అన్నకు రాయకు వదినె. కావాల్నంటె కొలువు ఇడిసిపెడ్త. అన్నకు మాత్రం ఎర్క గావద్దు," అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క క్షణం నాకూ మనసు కరిగింది.

"అయితె ఇయ్యాల్నే పోయి ఇడిసిపెట్టి రా. నేను రాయ," అన్నాను.

తల ఊపి బస్సెక్కాడు. నిన్న మా బాపు పసుపు బేరానికి బోధన్ పోయి వచ్చాడు. లింగం లారీ ఆఫీసులో ఫ్యాను కింద ఆ కుర్చీలోనే కూర్చుని చీటీలు రాస్తున్నాడట. బాపును చూసి లేచి, చాయ్ తాగి పొమ్మన్నాడట. బాపు తాగకుండా వచ్చాడు. అందుకే ఈ రోజు రాస్తున్నాను.

వాడు మీ రక్తం. మీరు క్షమిస్తే అది మీ ఇష్టం, నేను అడ్డం రాను. సెలవు మీద వచ్చినప్పుడు ముందు కోటగిరికి రండి. ఇక్కడ స్నానం చేసి, నా చేతి అన్నం తిని, ఆ తరువాత తమ్ముణ్ణి చూడాలనిపిస్తే బోధన్‌కు పోయి రండి. వాడు తిన్న కంచం నేను కడగాల్సిన ఇంటికి మాత్రం నన్ను రమ్మని అడగకండి.

ఇట్లు,
మీ మాట కోసం ఎదురుచూసే ఇల్లాలు
రేణుక