పోగు పోగుగా పెళ్ళిచీర

లోవెల్, మసాచుసెట్స్
నవంబరు, 1984

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ చిన్నకోడలు వసుమతి నమస్కరించి రాసేది. ఇక్కడ మీ అబ్బాయి, రేణు, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. డాలస్‌లో మీరు, బావగారు, శాంతక్కయ్య కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో అడిగితే "ఆఁ, బాగానే ఉన్నా, బిల్లవుతుంది పెట్టెయ్" అంటారు కాబట్టి కలం పట్టుకున్నాను. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టెయ్యలేరు కదా.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. క్రాన్‌బెర్రీ పళ్ళతో మీరు పెట్టిన ఆవకాయ బూజు పట్టలేదు. పట్టేదాకా మీ అబ్బాయి ఉంచితే కదా! జాడీ అడుగున నూనె కూడా అన్నంలో కలిపేసుకున్నారు. ఆయన వేళకు తింటున్నారా అని అడిగారు. ఆఫీసులో కొత్త కంప్యూటరేదో తయారవుతోందట, ఇంటికి రావడమే వేళకు లేదు. వచ్చాక మాత్రం లోటేమీ చెయ్యడం లేదు. మంచు మొదలైంది. మీరు పాత చీరలతో కుట్టిన బొంత కోసం తండ్రీ కూతుళ్ళు పోట్లాడుకుంటున్నారు. మీరు వెళ్ళాక ఈ ఇంట్లో మీ చెయ్యి తగలని వస్తువు లేదని తెలిసొచ్చింది అత్తయ్యా.

మూడో ప్రశ్న మీరు ఉత్తరం అంచున చీమతలకాయంత అక్షరాల్లో ఇరికించారు. "ఆ పిల్ల నా పేరెప్పుడైనా ఎత్తిందా?" అని. దానికి ఒక్క ముక్కలో జవాబు రాయలేను. కాస్త ఓపిక పట్టండి.

దసరానాటి సంగతి ఎవరూ కదపొద్దని శాంతక్కయ్యతో అన్నారట. నేను కదుపుతున్నాను, తిట్టుకోండి. రేణు క్లాసు పిల్లల్ని మా ఊరి పాత బట్టలమిల్లు మ్యూజియానికి తీసుకెళ్తుంటే, తోడు వెళ్ళే తల్లుల్లో నేనూ ఉన్నాను. మగ్గాలుంటాయి, మీరు సంతోషిస్తారని మిమ్మల్నీ బయల్దేరదీశాను. అక్కడి గైడు మీట నొక్కగానే మగ్గం దడదడలాడింది. పిల్లలందరూ చెవులు మూసుకున్నారు. మీరు కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. ఆవిడ మగ్గం ఆపగానే మీరు చటుక్కున అడ్డంగా కట్టిన తాడు దాటి, బొడ్లోంచి కుంకుమ పొట్లం తీసి ఆ ఇనపచట్రానికి బొట్టు పెట్టేశారు. దసరానాడు మగ్గానికి దణ్ణం పెట్టని చేతులు కావు మీవి. కానీ ఆ పిల్లలకేం తెలుసు? ఒకటే నవ్వులు. పక్కపిల్ల "మీ గ్రాండ్‌మానా?" అని అడిగితే మన రేణు "నో, నాట్ మై గ్రాండ్‌మా, పక్కింటావిడ" అనేసింది ఇంగ్లీషులో.

మీకు అర్థం కాలేదని అది అనుకుంది. అర్థమైందని మీ మొహం చూసి నాకు తెలిసింది. ఇంటికొచ్చాక దాన్ని గట్టిగా కోప్పడబోతే మీరు నా చెయ్యి పట్టుకుని ఆపారు. పెద్దబ్బాయిని చూడాలని ఉందన్నారు, పెట్టె సర్దుకున్నారు. ఇప్పుడేమో డాలస్ నుంచి అటునుంచి అటే ఇండియా వెళ్ళిపోతానంటున్నారు. మనవరాలి మీద అలిగి సముద్రం దాటిపోతే ఆ మనసులు మళ్ళీ ఎప్పుడు కలవాలి? ఆ బెంగతో నాకు అన్నం సహించడం లేదు.

ఇప్పుడు అసలు కబురు. రేణు టీచరు క్లాసుకంతటికీ అమెరికా చరిత్ర పంచిపెట్టింది. తెల్లవాళ్ళు ఓడల్లో వచ్చి కాలనీలు కట్టుకున్న రోజుల నుంచి, బోస్టన్ రేవులో టీ పెట్టెలు నీళ్ళపాలు చెయ్యడం, ఇంగ్లండు రాజు మీద తిరగబడటం, రాజ్యాంగం, రైళ్ళు, ఫ్యాక్టరీలు, ఇలా దేశం మలుపు తిరిగిన ఘట్టాలన్నీ తలా ఒకటి. మనదానికి ఇక్కడి ఉత్తరాదికీ దక్షిణాదికీ జరిగిన యుద్ధం వచ్చింది. ఆ రోజుల్లో తమ ఇంటివాళ్ళు ఏం చేస్తుండేవారో కూడా కనుక్కుని చెప్పాలట. ఒక పిల్లాడి ఇంట్లో ముత్తాత సైనికకోటు గుండీ ఉందట. ఇది ఇంటికొచ్చి పుస్తకాల సంచి విసిరికొట్టింది.

"మనవాళ్ళు ఎవ్వరూ లేరు కదా మమ్మీ అప్పుడు ఇక్కడ. మనకి హిస్టరీనే లేదు. నేను ఏం చెప్పాలి, నథింగ్!"

దానికి అన్నం పెడుతూ, ఊరికే మాట మళ్ళించడానికి, నాకు తల దువ్వుతూ మీరు చెప్పిన మీ ముత్తవ్వ కథ ఎత్తుకున్నాను. ఎక్కడో దొరలు దొరలు కొట్టుకున్నారట, పత్తంతా ఓడలకెత్తుకుపోయారట, నూలు బంగారమైపోయి చీరాలలో మగ్గాలు ఆగిపోయాయట. పిల్లలకు గంజి లేక మీ ముత్తవ్వ తన పెళ్ళిచీర ముందేసుకుని, పోగు పోగూ లాగి, ఆ నూలుతో తువ్వాళ్ళు నేసి అమ్మిందట. మళ్ళీ నూలు దొరికిన ఏడు, ఆడుతున్న మగ్గం ఎక్కడ కనబడ్డా దణ్ణం పెట్టకుండా పోకూడదని ఇంటికి ఆన పెట్టిందట. ఇంతవరకు చెప్పేసరికి రేణు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏ ఇయర్ మమ్మీ?"

నాకేం తెలుసు! మీ అవ్వ, ఆవిడ అమ్మ అని వేళ్ళు మడిచి తరాలు లెక్కేసుకున్నాం. అది ఎంగిలి చేత్తోనే లైబ్రరీ పుస్తకం లాక్కొచ్చింది. ఆ యుద్ధంలో ఉత్తరాదివాళ్ళు దక్షిణాది రేవులకు ఓడల్ని అడ్డం పెట్టారట. బానిసలచేత పండించిన పత్తి బయటికి కదల్లేదు. ఇంగ్లండు మిల్లులు పస్తులుండి, మన దేశం పత్తి మీద పడ్డాయి. అత్తయ్యా, మీ ముత్తవ్వ చెప్పిన ఆ దొరల కొట్లాట ఇదే! రేణు పుస్తకంలోని యుద్ధమే! చరిత్రలో డిగ్రీ చదివాను, మీ కథ ఎన్నోసార్లు విన్నాను, ఈ రెండూ ఒకటేనని ఏనాడూ తట్టలేదు.

రేణు పుస్తకం మూసేసింది. తరవాత అడిగింది, "అందుకా నానమ్మ బొట్టు పెట్టింది?" అని. అవునన్నాను. లేచి వెళ్ళి మీ బొంత కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

క్లాసులో చెప్పేనాడు తల్లులు కూడా రావచ్చంటే వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. అది తడబడకుండా మొదలుపెట్టింది. బానిసల సంకెళ్ళు తెగిన యుద్ధం ఇది అని చెప్పింది. అదే యుద్ధంలో ఎక్కడో చీరాలలో ఒకావిడ తన పెళ్ళిచీర పోగులు లాగిందని, తన మగ్గాన్ని ఆపిన కొట్లాట ఏ దేశందో ఆవిడకు చివరిదాకా తెలియలేదని చెప్పింది. గుండీ తెచ్చిన పిల్లాడు కూడా నోరు తెరుచుకుని విన్నాడు. అంతటితో ఆపి కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు.

"ఆ రోజు మ్యూజియంలో మగ్గానికి ఎర్రబొట్టు పెట్టినావిడ మా నానమ్మ. కాదని మీకు అబద్ధం చెప్పాను. మీరు నవ్వారని సిగ్గుపడ్డాను. ఈ కథ ఆవిడదే."

ఇంగ్లీషులో అన్న మాటల్ని నాకు చేతనైన తెలుగులో రాశాను. మీ పేరు ఎత్తిందా అని అడిగారు కదా. ఎత్తింది అత్తయ్యా, అందరి ముందూ ఎత్తింది. ఆ టీచరు దాన్ని దగ్గరికి తీసుకుంది. ఎవరిదో దేశం, ఎవరి కూతురో, అంత ఓపిగ్గా మన కథ విన్నందుకు ఆవిడకు చేతులెత్తి దణ్ణం పెట్టాను. అంతకంటే ముందు మీకు పెట్టాలి. మీరు ఆ కథ దాచి ఇవ్వకపోతే నా కూతురు తనకేమీ లేదనుకుంటూనే ఈ దేశంలో పెరిగేది. నగలిచ్చే అత్తగార్లు చాలామంది ఉంటారు. నాకు మీరిచ్చింది తరుగు లేనిది.

ఇక మీ దగ్గర దాచిన సంగతొకటి ఉంది. మిమ్మల్ని అడగకుండా ఒక పని చేశాం. థాంక్స్‌గివింగ్ సెలవులకు రేణూ నేనూ డాలస్ వస్తున్నాం. బావగారికి తెలుసు, మీకు మాత్రం చెప్పొద్దని రేణు అందరిచేతా ఒట్టు వేయించుకుంది. తలుపు తీయగానే మీరు తెల్లబోవాలట. నేనే ఒట్టు తీసి గట్టున పెట్టి రాస్తున్నాను. మీ సంగతి నాకు తెలియదా? హఠాత్తుగా దాన్ని గుమ్మంలో చూస్తే "పాలు పొంగుతున్నాయి" అని వంటింట్లోకి దూరిపోతారు.

అలా చెయ్యకండి. కాస్త నిలబడండి. "పోనీలే తల్లీ" అని తొందరపడి అడ్డు రాకండి, ముద్దులూ పెట్టకండి. అది వారం నుంచి అద్దం ముందు నిలబడి ఒకే ఒక్క తెలుగు వాక్యం వల్లెవేస్తోంది. పూర్తిగా అననివ్వండి. మధ్యలో మీరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అది మాట మర్చిపోతుంది. ఆ వాక్యం ఇది: "నానమ్మా, నేను నీ మనవరాలిని."

ఇట్లు,
మీ పాదాలకు నమస్కరిస్తూ,
మీ కోడలు
వసుమతి