రోజూ శనివారమే

ప్రవళికా,

తెల్లారేసరికే మబ్బు కమ్మింది, పొద్దు కనబడలేదు. ఈ రోజు అదే మనకు మేలు. మీ అత్త మళ్ళీ శనివారమే అనుకొని తలకు పోసుకుంది, ఒక్కపొద్దు పట్టింది. సందె దీపం పెట్టేదాకా ముద్ద ముట్టదు. వారం నుంచి రోజూ ఇదే వరస, మనిషి సగమైంది.

ఉత్త కడుపున షుగర్ గోలీ ఇవ్వకు. గురువారమని చెప్పకు. నిన్న నువ్వు క్యాలెండర్ చూపిస్తే, "నా ఒక్కపొద్దు చెడగొడ్తున్నరు" అని ఏడ్చింది. నీ మీద కోపం లేదు బిడ్డా. ఆ ఏడుపే ఇంకా నా చెవుల్లో ఉంది.

మబ్బు విడవకముందే అన్నం వండి, దేవుని దగ్గర దీపం పెట్టు. పొద్దుగూకిందనుకుంటుంది. అప్పటిదాకా నువ్వూ తినకు, ఆమె పక్కన కూర్చొని తిను.

నేను నిర్మల్ బస్సుకు పోతున్నాను. అక్కడి గుడి పంతులయ్య మాటైతే వింటుంది. ఆయన్నే తీసుకొచ్చి ఈ రోజువారీ ఒక్కపొద్దు మాన్పిస్తాను. ఈ దొంగ దీపం పాపమా అని కూడా అడగాలి. అదే ఆలోచనతో కూర్చోబుద్ధి కావడం లేదు. పాపమైతే నాకే తగలనీ.

మామ

మరిచాను. మొన్న నువ్వు పుట్టింట్లో ఉన్నప్పుడు నేనూ తినకుండా ఉండి, మధ్యాహ్నమే తలుపులు మూసి దీపం పెట్టాను. "పెండ్లయిన కాడినుంచి ఒక్క శనివారమన్న ఉపాసం ఉన్నవా? ఇప్పుడు దేవుడు యాదికొచ్చిండా?" అని నవ్వింది. తన బెల్లం ముక్క నా పళ్ళెంలో వేసింది. ఒక్కపొద్దు విడిచేటప్పుడు మాట్లాడకూడదంటుంది కదా, ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం.