అన్నకి కొత్త ఈకలు

అక్కా,

ఎలా ఉన్నావు? బావ బాగున్నాడా? ఫోన్ చేద్దామని నీ నంబరు నొక్కడం, మోగకముందే కట్ చెయ్యడం, నిన్నట్నుంచీ ఇదే పని. నీకు తెలుసుగా, నోటితో చెప్పాలంటే నాకు మాట గొంతు దాటదు. ఇక్కడ మామయ్య నన్ను గుసగుసగాడు అని పిలుస్తున్నాడు. అందుకే టైపు చేస్తున్నా. తప్పులుంటాయి, పొడుగ్గా ఉంటుంది, విసుక్కోకుండా చివరిదాకా చదువు.

అన్న మంచం మీంచి లేవట్లేదక్కా. జ్వరం కాదు, దెబ్బ కాదు. ఊరికే గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. పడుకుంటాడు గానీ నిద్రపోడు, కళ్ళు తెరిచే ఉంటాయి. నీ పెళ్ళయ్యాక మామయ్య వేసిన కోళ్ళ షెడ్డు నువ్వు చూళ్ళేదు కదా, చెప్తా విను. కోళ్ళు పొట్టు మీద నేలమీదే తిరుగుతుంటాయి. చుట్టూ నల్ల పరదాలు. కోడికి బయటి పొద్దు తెలియకూడదట, మామయ్య బల్బులతో పెట్టిన పొద్దే తెలియాలట. పగలు పొడుగ్గా ఉందనుకుంటే గుడ్లు ఎక్కువ పెడతాయి. తెల్లారకముందే లైట్లేస్తాడు, చీకటి పడ్డాక ఎప్పుడో ఆర్పుతాడు. నేను గుడ్ల ట్రేలు బండికెక్కించడానికి బయటికి పోతుంటా. అన్న మాత్రం చలికాలం నుంచీ ఆ పరదాల వెనకే ఉన్నాడు. చీకట్లో లోపలికి పోతాడు, చీకట్లో బయటికొస్తాడు. ముందు నిద్ర పోయింది, తర్వాత ఆకలి పోయింది, ఇప్పుడు మాట కూడా పోతోంది.

నేనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళా. ఆమె అన్న కళ్ళ కింద చర్మం లాగి చూసి, "ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయింది బాబూ?" అని అడిగింది. అన్న తలుపువైపు చూసి, "బయట ఉందాండీ ఇప్పుడు?" అన్నాడు. ఆమె నవ్వలేదు. పొద్దున్నే కాసేపు బయట కూర్చోపెట్టమంది. కంటికి ఇది పగలు అని తెలిస్తేనే ఒంటికి రాత్రెప్పుడో తెలుస్తుందట, అప్పుడే నిద్ర పడుతుందట. ఎండ తగలకపోతే ఎముకలూ నీరసపడతాయి, మనసూ నీరసపడుతుంది, ఒట్టి ఎండతోనే పోతుందని కాదు, ఈ మాత్రలు కూడా వేసుకోవాలి, మళ్ళీ తీసుకురా అంది. బద్ధకం కాదు ఇది, జబ్బు, అని నాకు రెండుసార్లు చెప్పింది.

వచ్చి మామయ్యకి చెప్తే మాత్రల చీటీ చూసి, జేబులో పెట్టేసుకుని పడీపడీ నవ్వాడు. "ఎండ తాగమని చెప్పడానికి ఇంత చదువు చదివిందా ఆవిడ? ఒరేయ్ గుసగుసా, గుడ్డు మానేసిన కోడిని మనమేం చేస్తాం?" అన్నాడు. ఏం చేస్తారో నాకు తెలుసక్కా. మేత ఆపేస్తారు. పరదాలు బిగించి లైట్లు తీసేస్తారు. చీకట్లో ఆకలితో వాటి ఈకలన్నీ రాలిపోతాయి, చర్మం కనపడుతుంది. తర్వాత ఒక్కసారిగా లైట్లేసి మేత పోస్తే కొత్త ఈకలొస్తాయి, మళ్ళీ గుడ్లు పెడతాయి. మధ్యలో కొన్ని చచ్చిపోతాయి. "కొన్ని పోతాయి, అది లెక్కలోదే" అంటాడు మామయ్య. ఇప్పుడు అన్నకీ అదే చేస్తాడట. దాణా గది ఖాళీ చేయించాడు.

నీ మాటంటే మామయ్యకి గురి. నువ్వొక్కసారి ఫోన్ చేసి వద్దని చెప్పు. మాత్రలిచ్చి ఎండలో కూర్చోపెడితే చాలని చెప్పు. ఈ పూటే చెయ్యి.

నీ తమ్ముడు

అక్కా,

నీ మెసేజ్ చూశా. అమ్మానాన్న పోయాక మనకి అన్నం పెట్టింది మామయ్యే, ఎదురు చెప్పకు, ఆయన చేసేది ఆయనకి తెలుసు అన్నావు. అన్న సంగతి బావకి తెలియనివ్వకు, మా వాళ్ళలో పిచ్చివాడున్నాడంటే ఇక్కడ నేను తలెత్తుకోలేను అన్నావు. సరే. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత నోరు నాకెక్కడిది.

దాణా గది కిటికీకి గోనెపట్టాలు నాచేతే కొట్టించాడు. అన్న లోపల నేలమీద కూర్చుని నేను ఒక్కో మేకు కొడుతుంటే చూస్తున్నాడు. ఎందుకు మూస్తున్నావని అడగలేదు. అడిగుంటే బాగుండేది. నీళ్ళు మాత్రం నన్ను పెట్టనిచ్చాడు మామయ్య, తిండి లేదు, దీపం లేదు. అత్త ఆ తలుపు ముందే నిలబడి గట్టిగా, "కూరంతా మిగిలిపోయింది, పారబోస్తే పాపం కదా, తినేవాడికేమో ఇప్పుడు ఈకలు రాలుతున్నాయి" అంటుంది. అని తనే నవ్వుకుంటుంది.

నేనొక పని చేశా. పట్టాలో మేకుతో కన్నం పెట్టా, అర్ధరూపాయి బిళ్ళంత. పొద్దున నీళ్ళు పెట్టడానికి వెళ్ళేసరికి నేలమీద ఆ చుక్కంత ఎండ పడుంది. అన్న దాని పక్కన పడుకుని అరచెయ్యి అందులో పెట్టాడు. అది జరిగితే చెయ్యి జరుపుతాడు, చెంప పెడతాడు, ఒక కన్ను పెడతాడు. "వెచ్చగా ఉందిరా" అన్నాడు. ఎన్ని రోజుల తర్వాతో అన్న నోట్లోంచి మాట. నాకు ఏడుపొచ్చింది, అక్కడే ఏడిస్తే వినపడుతుందని షెడ్డులోకి పోయి కోళ్ళ మధ్య ఏడ్చా. అవి ఎవరికీ చెప్పవు కదా.

మూడోనాడో నాలుగోనాడో మామయ్య చూశాడు. "ఈ కన్నం ఎవరు పెట్టారు?" అన్నాడు. అన్న గోడకి ఆనుకునే, "ఎలకేమో మామయ్యా" అన్నాడు. మామయ్య నావైపు తిరిగి, "ఎలకలకి ఏం పెడతామో తెలుసుగా" అన్నాడు. తర్వాత నా చేతికి సుత్తి ఇచ్చి ఇంకో పట్టా వేయించాడు. నేను కొడుతుంటే చెయ్యి జారింది. అన్న ఏమన్నాడో తెలుసా? "గట్టిగా కొట్టరా, మళ్ళీ ఊడితే నిన్ను తిడతాడు" అన్నాడు.

మామయ్యని నేను ఒకటే అడిగా. కోడికి వెలుగు కంట్లోంచే కాదు, పుర్రెలోంచి కూడా తెలుస్తుందని నువ్వే చెప్పావు కదా మామయ్యా, మరి మనిషికో అని. "మీ ఇంటి మనుషులకి పుర్రె మందం" అన్నాడు.

అన్న ఎముకలు కనపడుతున్నాయక్కా. నువ్వొక్కసారి వచ్చి చూసి వెళ్ళు. బావకి ఇంకేదైనా పని ఉందని చెప్పి రా.

నీ తమ్ముడు

అక్కా,

అన్న లేచాడన్న సంగతి నీకు మామయ్యే చెప్పాడట కదా. నువ్వు దండం బొమ్మలు పంపి, చూశావా, పెద్దల మాట వినమన్నానా అన్నావు. జరిగింది మొత్తం నీకు చెప్పినట్టు లేడు. నేను చెప్తా.

తలుపు తీసి, షెడ్డులో వాడే పెద్ద బల్బులు తెచ్చి ఆ గదిలో పెట్టాడు. కంచం నిండా తిండి పెట్టాడు. అన్న తిన్నాడు, కక్కాడు, మళ్ళీ తిన్నాడు. రెండ్రోజులకి నిజంగానే లేచి నిలబడ్డాడు. మామయ్య ఆనందం చూడాలి నువ్వు! దాణా లారీ డ్రైవరుని లోపలికి లాక్కొచ్చి, "చూడవయ్యా, ఈకలొచ్చాయి మా వాడికి. ఆ డాక్టర్లు నా దగ్గర ఆర్నెల్లు కోళ్ళు మేపితే బాగుపడతారు" అన్నాడు. డ్రైవరు అన్న చొక్కా ఎత్తి చూసి, "ఎక్కడ, నాకు కనపడవేం?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. వాళ్ళు నవ్వుతున్నారని అన్న కూడా నవ్వాడు.

మళ్ళీ పడుకుంటే మొదటికొస్తాడని మామయ్య ఆ బల్బులు ఆర్పనివ్వలేదు. రాత్రీ అదే వెలుగు, పగలూ అదే వెలుగు. అన్నకి నిద్రే లేదు. నలుగురి పని ఒక్కడే చేస్తున్నాడు. గుడ్లు ఏరుతూ మాట్లాడతాడు, పొట్టు తిరగేస్తూ మాట్లాడతాడు, ఎవరూ లేకపోయినా మాట్లాడతాడు. కళ్ళు ఎర్రగా ఉంటాయి. నేను భయపడి, కాసేపు పడుకో అన్నా అంటే, "పడుకుంటే మళ్ళీ పట్టాలు కొడతారురా" అన్నాడు. మామయ్యేమో పని చూసి, "ఇన్నాళ్ళూ ఈ హుషారంతా ఎక్కడ దాచావురా" అని భుజం తట్టాడు.

నిన్న మధ్యాహ్నం మామయ్య పడుకున్నప్పుడు అన్న షెడ్డు పరదాలన్నీ ఎత్తేశాడు. "పాపంరా, వీటికి కూడా చూపిద్దాం ఎండ" అన్నాడు. చిన్నప్పట్నుంచీ కోళ్ళు సూర్యుణ్ణి చూసిందే లేదు. ఎండ భళ్ళున పడేసరికి బెదిరిపోయాయి. అరుస్తూ అన్నీ ఎండ పడని మూలకి పరిగెత్తి, ఒకదానిమీద ఒకటి ఎక్కేశాయి. అన్న రండి రండి అని పిలుస్తున్నాడు, మేత చల్లుతున్నాడు. నేను పరదాలు దించేలోపే అడుగునున్నవి ఊపిరాడక చచ్చిపోయాయి. అన్న ఆ గుట్టలోకి చేతులు పెట్టి ఒక్కోదాన్నీ బయటికి లాగుతున్నాడు. మామయ్య వచ్చి నీళ్ళ పైపుతో కొట్టడం మొదలుపెట్టాడు. అన్న చెయ్యి అడ్డం కూడా పెట్టుకోలేదక్కా. "ముందు కింద ఉన్నవాటిని తియ్యండి మామయ్యా, తర్వాత కొడుదురుగాని" అంటున్నాడు.

మళ్ళీ దాణా గదిలో పెట్టారు. పోయినసారి చీకటి చాల్లేదట, అందుకే సరిగ్గా కుదర్లేదట. ఈసారి నీళ్ళు కూడా తగ్గిస్తాడట. మామయ్యా, అన్న చచ్చిపోతాడు అని చెప్పా. గట్టిగానే చెప్పా. ఆయన చేతులు కడుక్కుంటూ, "కొన్ని పోతాయి" అన్నాడు.

అన్నని నీ దగ్గరికి తీసుకొస్తా. ఒక్క వారం ఉంచుకో. ఏ మూల చెప్తే ఆ మూల పడుంటాం. బావతో ఏదో ఒకటి చెప్పు, పని వెతుక్కోడానికి వచ్చారని చెప్పు. నేను మాట్లాడను కాబట్టి నావల్ల ఏమీ బయటపడదు.

నీ తమ్ముడు

అక్కా,

రావద్దు అని నువ్వు పెట్టిన మెసేజ్ బస్సులో ఉండగా చూశా. అప్పటికే సగం దూరం వచ్చేశాం. వెనక్కి పోతే ఎక్కడికి పోతాం, అందుకే వచ్చాం.

పొద్దున్నే మామయ్య గుడ్ల బండి వెంట వెళ్ళాడు. నేను గడియ తీశా. అన్న బయటికి రాలేదు. వెలుగు పడగానే మోకాళ్ళలో మొహం పెట్టుకుని, "ముందు మామయ్యని అడిగిరా" అన్నాడు. బతిమాలా. లాగా. గుమ్మం పట్టుకుని వదల్లేదు. అప్పుడు నేను అరిచానక్కా. ఏమని అరిచానో నాకే గుర్తులేదు, అత్త వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అన్న తలెత్తి చూసి, "నీకింత గొంతుందా?" అన్నాడు. అని లేచాడు. అత్త ఆపలేదు. "పొండి, ఆయన వచ్చాక నన్నే తిడతాడు, పొండి" అంది.

కళ్ళమీద తువ్వాలు కట్టి నడిపించుకొచ్చా. బస్సులో కండక్టరు, "ఏంటి, పొద్దున్నే పట్టించాడా మీ వాడు?" అన్నాడు. లేదండి, ఎండ అలవాటు లేదు అన్నా. ముందు సీట్లో ఆడవాళ్ళు నవ్వారు. అన్న దారంతా నా మోచెయ్యి పట్టుకునే ఉన్నాడు. నడుస్తుంటే కాళ్ళ ఎముకలు నొప్పి అంటున్నాడు.

నీ గది తలుపు కొట్టాం. బయట తాళం లేదు. నీ చెప్పులున్నాయి, బావ బూట్లున్నాయి. కిటికీ తెర కొంచెం పక్కకి జరిగింది, మళ్ళీ మూసుకుంది. లోపల బావ, "ఎవరే?" అన్నాడు. నువ్వు, "ఎవరూ లేరు" అన్నావు. తలుపు పల్చగా ఉందక్కా, అన్నీ వినపడతాయి. అన్నకి వినపడిందో లేదో తెలీదు. "అక్క లేదా?" అని అడిగాడు. పనికి వెళ్ళిందట, సాయంత్రం వస్తుందట అని చెప్పా. అన్న సరే అన్నాడు. అక్క వచ్చేదాకా ఇక్కడే కూర్చుందామా అన్నాడు.

మెట్ల మీద కూర్చున్నాం. ఎండ పడుతోంది ఇక్కడ, లేత ఎండ. ముందు తువ్వాలు తియ్యనివ్వలేదు. తర్వాత తనే ఒక అంచు పైకెత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఏడుపు కాదు, వెలుగుకి. కాసేపటికి తువ్వాలు తీసి మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. మొహం పైకెత్తి కూర్చున్నాడు. ఇప్పుడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. నిజం నిద్రక్కా. నోరు తెరుచుకుంది, గురక పెడుతున్నాడు. ఎన్నాళ్ళయిందో ఆ గురక విని.

నీ మీద నాకు కోపం లేదు అని రాద్దామనుకున్నా. అబద్ధం ఎందుకులే. లేచాక ఇక్కడి పెద్దాసుపత్రికి తీసుకెళ్తా. అక్కడ ఎవర్ని అడగాలో తెలీదు, అడుగుతా. ఇప్పుడు నాకు గొంతుంది కదా.

నువ్వు తలుపు తియ్యకు, చప్పుడవుతుంది. బావని కూడా కాసేపు బయటికి రానివ్వకు. ఇది చదివి జవాబు పెట్టకు, ఫోన్ మోగితే అన్న లేస్తాడు.

గుసగుసగాడు