పోతున్నా అనకూడదు

అమ్మా, నేను కులాసా, బెంగ పెట్టుకోకు.

పనీపాటా లేని రోజుల్లో గదిలో మేం నలుగురం తీసిన నవ్వుల సినిమా నిన్న ఓ చిన్న హాల్లో వేశారు. అది పూర్తయిన నెలకే లారీ కింద పడి చనిపోయిన మా బక్కోడు, అందులో గడప దాటినప్పుడల్లా "పోతున్నా" అంటాడు. "అలా అనకూడదురా!" అని మేం అరుస్తాం. జనం నవ్వుతారు. ఆఖరిసారి వాడు అనగానే ముందు వరసలోంచి వాళ్లమ్మ, "వెళ్లొస్తానను నాన్నా" అంది గట్టిగా. హాల్లో అందరూ దానికే పడీపడీ నవ్వారు.

నాన్న దగ్గు తగ్గిందా? కుట్టుమిషను బాగుచేయించావా? దుప్పటి పంపకు, బక్కోడిది ఉంది. చెల్లిని అడిగానని చెప్పు.

పొద్దున బక్కోడి వాళ్లమ్మని బస్సెక్కించాను. "పోతున్నా బాబూ" అంది. నువ్వు ఓసారి ఆవిణ్ణి మనింటికి పిలవమ్మా. బయల్దేరేటప్పుడు మాత్రం వెళ్లొస్తాననే అనిపించు.