మార్తా వంతు గింజలు

అత్తయ్యగారికి గ్వాటెమాలా నుంచి పర్సిస్ వందనాలు. నేను క్షేమం. టీవీలో చూపించిన అడవి మంటలు మాకు చాలా దూరం, కంగారు పడకండి.

ఇక్కడి మాయా తెగ ఆడవాళ్ళు అడవిలో రాలిన రామోన్ గింజలు ఏరి, పిండి పట్టించి అమ్ముతారు. ఆ చెట్లను నరకనివ్వకుండా కాపాడేదీ వాళ్ళే. నేను వాలంటీరుగా టీచరుకు సాయం చేసే క్లాసులో మార్తా అనే పిల్ల ఉంది. వాళ్ళమ్మ తోమాసా నడుం పట్టేసి మంచాన పడింది. గింజలేరడానికి మార్తా చదువు మానేసింది. నేనూ టీచరూ వెళ్ళి అడిగితే, "ఏరకపోతే తినేదేమిటమ్మా?" అని తోమాసా ఏడ్చింది. పక్కింటావిడ లోపలికొచ్చి, "దాని వంతు మేం ఏరతాం. పిల్లని బడికి పంపు," అంది. అప్పట్నించీ అడవి నుంచి వస్తూ ఒక్కొక్కరూ తమ బుట్టలోంచి రెండు దోసిళ్ళు తోమాసా గుమ్మంలో పోసి వెళ్తున్నారు. నిన్న మార్తా క్లాసుకొచ్చింది.

కారు ఇన్‌స్పెక్షన్ చేయించమని మీ అబ్బాయికి గుర్తు చేయండి. మీ బీపీ మాత్రలు అయిపోయాయా? పిల్లలకు ముద్దులు. ఆదివారం మన పిస్కాటవే చర్చిలో తోమాసా కోసం ప్రార్థన చేయించండి. ఆ పేరుకు నోరు తిరగకపోతే మార్తా వాళ్ళమ్మ అనండి, ప్రభువుకు తెలుస్తుంది.

మీ కోడలు
పర్సిస్