అవ్వ పారబోసిన సంచి

సూర్యాపేట, మంగళవారం రాత్రి

ఓ డైరీ మహాశయా! కోడి గెలికినట్టుండే నా దస్తూరితో నీ తెల్లని పేజీని అపవిత్రం చేస్తున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

ఈ రోజు కిడ్నీ వార్డులో లింగయ్య తాత మూత్రం సంచి కొలిచి చార్టులో రాయడం నా డ్యూటీ. నేను రాచకార్యం మీద టీకి వెళ్లి వచ్చేసరికి సంచి ఖాళీ.

"నిండింది బిడ్డా, నీకెందుకు తిప్పలని నేనే పారబోసిన," అంది ఆయన భార్య.

"ఎంతుండె అవ్వా?"

"ఎంతుంటది, సెంబెడు."

చెంబు కొలత మా నర్సింగ్ సిలబస్‌లో లేదు.

సాయంత్రం డాక్టర్ గారు చార్టు చూసి, "మూత్రం బాగానే వస్తోంది, రేపు డయాలసిస్ ఆపి చూద్దాం," అన్నారు. అవ్వ మురిసిపోయి, "నీ కడుపు సల్లగుండ," అంటూ నా చేతిలో జామకాయ పెట్టింది. అది ఇంకా బల్ల మీదే ఉంది. తినబుద్ధి కావట్లేదు. తాత పాదం నొక్కి చూస్తే నిన్నటిలాగే గుంట పడింది. ఒంట్లో నీరు తగ్గనే లేదేమో. పొద్దున రౌండ్స్‌కు ముందే డాక్టర్ గారికి చెప్పాలి. చెప్పాక నా గతి...

దస్తూరి సంగతి అబద్ధం, అది ముత్యాల్లాగే ఉంటుంది. ఆ ముత్యాలతోనే, కొలవని సంచికి ఆరు వందల మిల్లీలీటర్లని రాశాను.